అరిగిన ఫ్లైవీల్: మరమ్మతు పని చరిత్రకు ఒక ఆధారం

1.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• వస్తువు మీది అరుగుదలను చారిత్రక ఆధారంగా ఎట్లా చదవవచ్చో వివరించగలుగుతారు.
• కారు ఫ్లైవీల్ పాడైనదని మెకానిక్ ఎట్లా నిర్ధారిస్తాడో, దాన్ని ఎట్లా మారుస్తాడో తెలుసుకొంటారు.
• దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతంలో మరమ్మతు షెడ్లు ఏర్పడటానికి గల కారణాలను చర్చించగలుగుతారు.
• తక్షణ కారణానికీ, మూల కారణానికీ గల తేడాను ఒక సామాన్య ఉదాహరణతో చెప్పగలుగుతారు.

1.1 ఉపోద్ఘాతం

చరిత్రకు ఆధారాలు ఏమిటని అడిగితే శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, ప్రభుత్వ దస్తావేజులు అని మీరు వెంటనే చెబుతారు. ఈ భాగంలో మీ ముందు ఉంచుతున్న ఆధారం వేరు. అది కారు ఇంజను వెనుక, ఎవరికీ కనబడకుండా తిరిగే ఒక బరువైన ఇనుప చక్రం. మెకానిక్కులు దాన్ని ఫ్లైవీల్ అంటారు. తెలుగులో గతిపాలక చక్రం అనవచ్చు.

ఈ చక్రం గురించి ఆలోచించవలసిన అవసరం నాకు అనుకోకుండా వచ్చింది. ఉద్యోగ విరమణ తరువాత కొన్నేళ్ళకు, ఎల్.బి.నగర్ కూడలిలో సిగ్నల్ పడి మొదటి గేరులో బండి కదిలించినప్పుడల్లా నా పాత కారు వణకడం మొదలుపెట్టింది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే క్లచ్ ప్లేటు అరిగిందని చెప్పి క్లచ్ సెట్టు మొత్తం మార్చారు. కొద్ది నెలలు బాగానే నడిచింది. ఆ తరువాత వణుకు మళ్ళీ వచ్చింది. ఈసారి దిల్‌సుఖ్‌నగర్ వెనుక గల్లీలోని ఒక రేకుల షెడ్డుకు తీసుకువెళ్ళాను. అక్కడి ఉస్తాద్ బండిని వెంటనే విప్పలేదు. ముందు ప్రశ్నలు అడిగాడు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు వణుకుతుందా, వేడెక్కాక వణుకుతుందా? ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువవుతుందా? ఇదివరకు ఎవరు విప్పారు, ఏమి మార్చారు? తరువాత తానే కొంత దూరం నడిపి వచ్చి ఇట్లా అన్నాడు: "సార్, ప్లేటు మళ్ళ వేస్తే మళ్ళ గిట్లనే అయితది. లోపల వీల్ ముఖం చూడాలె."

ముప్పై ఏళ్ళకు పైగా చరిత్ర రచనా పద్ధతి బోధించిన నాకు ఆ ప్రశ్నల వరుస కొత్తగా అనిపించలేదు. ఆధారాన్ని పరీక్షించే ముందు మనం వేసుకొనే ప్రశ్నలు కూడా ఇవే: ఇది ఎప్పటిది? ఏ పరిస్థితిలో ఏర్పడింది? మనకు ముందు దీన్ని ఎవరు ముట్టుకొన్నారు?

1.2 కుమ్మరి సారె నుంచి కారు ఇంజను వరకు

ఫ్లైవీల్ పని మీకు తెలిసినదే. కుమ్మరి తన సారెను కర్రతో కొన్నిసార్లు గట్టిగా తిప్పి వదిలేస్తాడు. బరువైన సారె ఆ ఊపుతోనే చాలాసేపు తిరుగుతుంది. కుమ్మరి రెండు చేతులూ మట్టి మీద పెట్టగలుగుతున్నాడంటే కారణం ఆ బరువే. విడివిడిగా పడిన తోపులను నిలకడ గల తిరుగుడుగా మార్చడం సారె చేసే పని.

ఆవిరి యంత్రానికి కూడా ఇదే అవసరం ఏర్పడింది. 1780 దశకంలో జేమ్స్ వాట్ తన యంత్రాన్ని నీళ్ళు తోడటానికే గాక చక్రాలు తిప్పడానికి కూడా మలచినప్పుడు పెద్ద ఫ్లైవీల్ అందులో ముఖ్య భాగమైంది. ముందుకూ వెనుకకూ కదిలే పిస్టన్ బలాన్ని సమంగా తిరిగే బలంగా మార్చకపోతే ఆ యంత్రం మిల్లులను నడపలేదు. 1885లో కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల మోటారు వాహనంలో వెనుక భాగాన ఒక పెద్ద ఫ్లైవీల్ అడ్డంగా పడుకొని ఉండేది. ఆ చక్రాన్ని చేతితో తిప్పి ఇంజను నడిపించేవారు.

నేటి నాలుగు సిలిండర్ల ఇంజనులో ప్రతి అర చుట్టుకు ఒకసారి ఇంధనం మండి తోపు వస్తుంది. ఒక తోపుకూ మరో తోపుకూ మధ్య ఇంజను ఆగిపోకుండా చూడటం ఫ్లైవీల్ మొదటి పని. రెండవది, దాని నున్నటి ముఖానికి క్లచ్ ప్లేటు అదుముకొని ఇంజను బలాన్ని గేర్ బాక్సుకు చేరవేస్తుంది. మూడవది, దాని అంచున ఉండే పళ్ళ రింగును స్టార్టర్ మోటారు పట్టుకొని ఇంజనును మొదట తిప్పుతుంది. మన మెకానిక్కులు ఈ మోటారును 'సెల్ఫ్' అంటారు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లలో వచ్చింది. అంతకు ముందు ముందువైపు హ్యాండిల్ పెట్టి చేతితో తిప్పవలసి వచ్చేది. హ్యాండిల్ ఎదురు తన్నితే చేయి విరిగేది.

1.3 తూర్పు దారి, షెడ్ల పుట్టుక

హైదరాబాదుకు మోటారు వాహనం మొదట రాజప్రాసాదాల వాహనంగా వచ్చింది. 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ కారును నేటికీ చౌమహల్లా ప్యాలెస్‌లో చూడవచ్చు. సామాన్యుని దగ్గరకు మోటారు బస్సు రూపంలో చేరింది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభమైంది. 1942లో ఏర్పడిన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ తరువాతి కాలంలో బస్సుల బాడీలు కట్టడంలో పేరు పొందింది. బస్సులు నడపాలంటే వాటిని విప్పి బిగించే చేతులు కావాలి. మోటారు పని ఈ నగరంలో ఒక వృత్తిగా స్థిరపడటానికి ఇటువంటి సంస్థలు తోడ్పడ్డాయని భావించవచ్చు.

ఇప్పుడు తూర్పు దారిని గమనించండి. చాదర్‌ఘాట్, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్.బి.నగర్, హయత్‌నగర్ మీదుగా విజయవాడకు పోయే జాతీయ రహదారి ఇది. దీన్ని చాలాకాలం 9వ నంబరు రహదారి అన్నారు, ఇప్పుడు 65వ నంబరుగా పిలుస్తున్నారు. దిల్‌సుఖ్ రామ్ పెర్షాద్ అనే ఆయన తన వ్యవసాయ భూమిని ప్లాట్లుగా వేయడం వల్ల దిల్‌సుఖ్‌నగర్‌కు ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఎల్.బి.నగర్ అంటే లాల్ బహదూర్ నగర్. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత రాజధానినీ కోస్తా జిల్లాలనూ కలిపే దారిగా ఈ రహదారి ప్రాముఖ్యం పెరిగింది. నాగార్జునసాగర్ వైపు పోయే రోడ్డు కూడా ఎల్.బి.నగర్ దగ్గరే చీలుతుంది.

దూరం నుంచి వచ్చిన లారీ, బస్సు, ట్యాక్సీ నగరంలోకి ప్రవేశించే చోట మరమ్మతు అవసరం ఏర్పడటం సహజం. దానికి తోడు రహదారికి ఇరువైపులా కాలనీలు పెరిగాయి, సొంత కార్లు పెరిగాయి. 2007లో ఎల్.బి.నగర్ పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయింది. ఒకప్పటి ఊరి వెలుపలి దారి ఈ విధంగా నగరంలో అత్యంత రద్దీ గల రోడ్లలో ఒకటైంది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు వచ్చినా, కింద రోడ్డు మీద ఆగి కదిలే బండ్ల వరుస తగ్గలేదు.

ఆగి కదిలే ఈ ప్రయాణానికీ ఫ్లైవీల్ అరుగుదలకూ నేరుగా సంబంధం ఉన్నది. క్లచ్‌ను సగం నొక్కి బండిని అంగుళం అంగుళం కదిలించినప్పుడు క్లచ్ ప్లేటు చక్రం ముఖం మీద జారుతూ రాపిడి పుట్టిస్తుంది. ఆ వేడి ఇనుము మీద గుర్తులు వదులుతుంది.

1.4 నిర్ధారణ: లక్షణం నుంచి కారణానికి

మెకానిక్ నిర్ధారణ ఒక్కొక్క అనుమానాన్ని తొలగించుకొంటూ సాగుతుంది. ఈ క్రింది లక్షణాలను గమనించండి.

(అ) బండి కదిలేటప్పుడు వణుకు: దీనికి ఫ్లైవీల్ ముఖం సమంగా లేకపోవడం కారణం కావచ్చు. కాని ఇంజను మౌంటింగులు వదులైనా, క్లచ్ ప్లేటు మీద ఆయిల్ పడినా, ప్రెషర్ ప్లేటు దెబ్బతిన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. కాబట్టి పైనుంచి చూడగలిగిన మౌంటింగులను ముందు పరీక్షిస్తారు.

(ఆ) ఇంజను శబ్దం పెరిగినా వేగం పెరగకపోవడం: ఎక్కువసార్లు ఇది క్లచ్ ప్లేటు అరిగి జారుతున్నదని చెప్పే గుర్తు. దీన్ని బట్టి మాత్రమే ఫ్లైవీల్‌ను తప్పు పట్టకూడదు.

(ఇ) సెల్ఫ్ కొట్టినప్పుడు గరగర శబ్దం: ప్రతిసారీ వస్తే సెల్ఫ్ లోపలి పళ్ళ చక్రాన్ని అనుమానించాలి. కొన్నిసార్లు మాత్రమే వచ్చి, బండిని గేరులో ఉంచి కొద్దిగా తోసిన తరువాత మామూలుగా స్టార్టయితే ఫ్లైవీల్ రింగు పళ్ళు ఒకచోట అరిగాయని అర్థం.

(ఈ) బండి నిలబడి ఉన్నప్పుడు గలగల శబ్దం: క్లచ్ నొక్కితే శబ్దం మొదలైతే రిలీజ్ బేరింగును చూడాలి. నొక్కితే ఆగిపోతే గేర్ బాక్సు బేరింగు గాని, రెండు పొరల ఫ్లైవీల్ లోపలి స్ప్రింగులు గాని కారణం కావచ్చు.

ఇవన్నీ బయటి సాక్ష్యాలు. గేర్ బాక్సు దించిన తరువాతనే అసలు సాక్ష్యం కంటపడుతుంది. నా కారు విషయంలో ఉస్తాద్ చక్రం ముఖాన్ని గుడ్డతో తుడిచి చూపించాడు. అక్కడక్కడ నీలం రంగు మచ్చలు ఉన్నాయి. ఎక్కువ వేడికి ఇనుము అక్కడ గట్టిపడి, మిగిలిన చోటు కంటె వేరుగా అరుగుతుంది. వెంట్రుకవంటి సన్నని పగుళ్ళు ఉన్నాయి. గుండ్రంగా గీసిన గాడి ఒకటి ఉన్నది. పాత క్లచ్ ప్లేటు పూర్తిగా అరిగిపోయి, దాని రివిట్లు చక్రానికి తగిలిన రోజుల గుర్తు అది. అంటే మొదటి వర్క్‌షాపు ప్లేటు మార్చేనాటికే ఈ గాడి ఉన్నది. గాయపడిన ముఖం మీద కొత్త ప్లేటు పెట్టారు. కొత్త ప్లేటు కూడా ఆ ముఖాన్ని అనుసరించే అరిగింది.

ఇక్కడ మీ పాఠ్యాంశాలను గుర్తు తెచ్చుకోండి. 1857 తిరుగుబాటుకు కొవ్వు పూసిన తూటాలు తక్షణ కారణమని రాస్తారు. రాజ్యాల విలీనం, భూమి శిస్తు, సిపాయిల అసంతృప్తి వంటి మూల కారణాలను వదిలేసి తూటాలతోనే జవాబు ముగిస్తే మీకు ఎన్ని మార్కులు వస్తాయి? నా కారులో అరిగిన ప్లేటు తక్షణ కారణం. కాలిన చక్రం మూల కారణం. మొదటి వర్క్‌షాపు తక్షణ కారణం దగ్గరే ఆగిపోయింది. దానికి మూల్యం నేను రెండుసార్లు చెల్లించాను.

రింగు పళ్ళు మరొక విశేషం చెబుతాయి. ఇంజను ఆపినప్పుడు అది ఎక్కడ పడితే అక్కడ ఆగదు. సిలిండరులోని గాలి ఒత్తిడి అడ్డుపడటం వల్ల నాలుగు సిలిండర్ల ఇంజను ఎక్కువగా రెండు స్థానాల్లో, మూడు సిలిండర్ల ఇంజను మూడు స్థానాల్లో ఆగుతుంది. సెల్ఫ్ ప్రతిసారీ ఆ పళ్ళ మీదనే పడుతుంది. అందువల్ల పాత ఇనుప సామాను కొట్టులో పడి ఉన్న రింగును చూసి, అరుగుదల రెండు చోట్ల ఉన్నదా మూడు చోట్ల ఉన్నదా అన్నదాన్ని బట్టి అది ఎటువంటి ఇంజనుదో ఊహించవచ్చు. ఆ కారు కాగితాలు పోయినా పళ్ళు సాక్ష్యం చెబుతాయి.

1.5 చక్రాన్ని మార్చే విధానం

బ్యాటరీ తీగను తొలగించడంతో పని మొదలవుతుంది. బండిని ఎత్తి గట్టి స్టాండ్ల మీద నిలబెడతారు. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి దూరడం ప్రాణాపాయం. ముందు చక్రాలతో నడిచే కార్లలో యాక్సిళ్ళను, అంబాసిడర్ వంటి వెనుక చక్రాలతో నడిచే కార్లలో పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టును తీస్తారు. ఇంజనుకు ఊత పెట్టి గేర్ బాక్సు దించుతారు. ప్రెషర్ ప్లేటు బోల్టులను ఒకేసారి కాక, ఎదురెదురుగా కొంచెం కొంచెంగా వదులు చేస్తారు. లేకపోతే ప్లేటు వంగుతుంది. తరువాత ఫ్లైవీల్ బోల్టులు విప్పుతారు. చక్రం బరువైనది కాబట్టి చివరి బోల్టు తీసేటప్పుడు దాన్ని పట్టుకొనే మనిషి ఉండాలి.

చక్రం తీసిన చోట ఇంజను వెనుక ఆయిల్ సీలు కనిపిస్తుంది. అది కారుతున్నట్లయితే అప్పుడే మార్చాలి. లేకపోతే కొత్త క్లచ్ మీద ఆయిల్ పడి మళ్ళీ మొదటికి వస్తుంది. కొత్త చక్రం ముఖాన్ని జిడ్డు లేకుండా తుడిచి, కొత్త బోల్టులతో, కంపెనీ చెప్పిన బిగువు మేరకు టార్క్ పానాతో ఎదురెదురుగా బిగిస్తారు. క్లచ్ ప్లేటు సరిగ్గా నడిమధ్య కూర్చోవాలి. దీనికి ప్రత్యేకమైన పనిముట్టు ఉన్నది. నేను వెళ్ళిన షెడ్డులో పాత గేర్ బాక్సు షాఫ్టు ముక్కనే ఆ పనికి వాడారు.

1.6 బాగుచేయడం నుంచి మార్చడానికి

అంబాసిడర్ కారు 1950 దశకం చివర వచ్చింది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోడ్లను ఏలిన కాలంలో కారు కొనడమే కష్టం, విడిభాగాలు అంతకంటె కష్టం. కాబట్టి ఫ్లైవీల్ అరిగితే దాన్ని పారవేసేవారు కాదు. లేత్ మిషను మీద ముఖాన్ని పలుచగా చెక్కి సమం చేసేవారు. పళ్ళు పోతే పాత రింగును పగులగొట్టి తీసి, కొత్త రింగును అంతటా సమంగా వేడిచేసి చక్రం మీద దించేవారు. వేడికి వ్యాకోచించిన రింగు చల్లారగానే చక్రాన్ని గట్టిగా పట్టుకొంటుంది. బండి చక్రానికి ఇనుప పట్టా వేసిన మన పల్లె కమ్మరి విద్య కూడా ఇదే. కమ్మరి కొలిమికీ మోటారు షెడ్డుకూ మధ్య తెగని బంధాన్ని మీరు ఇక్కడ చూడవచ్చు.

1983 డిసెంబరులో మారుతి 800, 1991 ఆర్థిక సంస్కరణల తరువాత అనేక విదేశీ కంపెనీల కార్లు వచ్చాయి. విడిభాగాలు పెట్టెల్లో దొరకసాగాయి. 1980 దశకం మధ్యలో ఐరోపాలో ఉత్పత్తిలోకి వచ్చిన రెండు పొరల ఫ్లైవీల్ తరువాత మన డీజిల్ కార్లలో కొన్నింటికి కూడా చేరింది. ఇందులో రెండు చక్రాల మధ్య స్ప్రింగులు ఉండి ఇంజను అదురును మింగేస్తాయి. ప్రయాణం హాయిగా ఉంటుంది. కాని స్ప్రింగులు పోతే దాన్ని మామూలు లేత్ మీద బాగుచేయలేరు. ఎంత ఖరీదైనా మొత్తం మార్చవలసిందే. ఒకప్పుడు షెడ్డులోనూ లేత్ దుకాణంలోనూ పంచుకొన్న కూలి, నైపుణ్యం ఈ విధంగా విడిభాగం ధరలోకి వెళ్ళిపోయాయి.

బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో వెలువడిన తన గ్రంథంలో ఒక ముఖ్యమైన వాదన చేశాడు. సాంకేతిక చరిత్ర కొత్త ఆవిష్కరణల చుట్టే తిరుగుతున్నదని, జనం నిజంగా వాడిన వస్తువులను, వాటిని నిలబెట్టిన మరమ్మతు పనిని పట్టించుకోలేదని ఆయన అభిప్రాయం. రోల్స్ రాయిస్ ప్యాలెస్‌లో భద్రంగా ఉన్నది. దిల్‌సుఖ్‌నగర్ షెడ్డులోని షాఫ్టు ముక్కను ఎవరు భద్రపరుస్తారు?

1.7 చరిత్ర విద్యార్థికి పాఠం

ఇటలీ చరిత్రకారుడు కార్లో గింజ్‌బర్గ్ 1979లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో వేటగాడు, వైద్యుడు, అపరాధ పరిశోధకుడు, చరిత్రకారుడు ఒకే రకమైన జ్ఞానాన్ని వాడుతారని వివరించాడు. చిన్న గుర్తుల నుంచి కంటికి కనబడని కారణాన్ని చేరుకోవడం ఆ జ్ఞానం. ఆ వరుసలో మెకానిక్‌ను కూడా చేర్చవచ్చునని నా అభిప్రాయం.

అయితే ఒక తేడా ఉన్నది. వైద్యునికి పుస్తకాలు ఉన్నాయి, పోలీసుకు ఫైళ్ళు ఉన్నాయి. షెడ్డులోని జ్ఞానం ఉస్తాద్ చేతి నుంచి శిష్యుని చేతికి మాటగా, చూపుగా, కొన్నిసార్లు తిట్టుగా చేరుతుంది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దస్తావేజులను వెతికి చదివిన నేను, నా ఇంటికి కిలోమీటరు దూరంలో ఉన్న ఈ జ్ఞానాన్ని అరవై ఏళ్ళు దాటేవరకు ఆధారంగా గుర్తించలేదు. ఇది నా లోపమని ఒప్పుకోవాలి.

దీనికి గడువు కూడా ఉన్నది. విద్యుత్ కార్లకు క్లచ్ లేదు, ఫ్లైవీల్ లేదు. ఆ కార్లు పెరిగే కొద్దీ చక్రం ముఖం చూసి కారణం చెప్పగల మనుషులు తగ్గిపోతారు. పని పూర్తయిన రోజు నేను ఉస్తాద్‌తో ఈ విషయాలు పుస్తకంలో రాస్తానన్నాను. ఆయన చేతులు తుడుచుకొంటూ నవ్వి, "మా పనికి గూడ చరిత్ర ఉంటదా సార్?" అని అడిగాడు. ఉన్నదని చెప్పాను. కాని ఉన్నదని చెప్పడం చాలదు, రాసి చూపించాలి. మీలో చాలామంది పగలు పని చేసుకొంటూ రాత్రి చదువుకొనేవారు. కొందరు ఇటువంటి షెడ్లలోనే పని చేస్తూ ఉండవచ్చు. ఈ చరిత్ర రాయడానికి నాకంటె మీకే ఎక్కువ అర్హత ఉన్నది.

1.8 సారాంశం

ఫ్లైవీల్ ఇంజను తిరుగుడుకు నిలకడ ఇస్తుంది, క్లచ్‌కు ఆధారంగా నిలుస్తుంది, సెల్ఫ్‌కు పట్టు ఇస్తుంది. దాని మీది మచ్చలు, పగుళ్ళు, గాడులు, అరిగిన పళ్ళు బండి ఎట్లా నడిచిందో, అంతకు ముందు ఎవరు ఏమి చేశారో చెబుతాయి. లక్షణాన్ని చూసి తొందరపడక, ఒక్కొక్క అవకాశాన్ని తొలగిస్తూ మూల కారణాన్ని చేరుకోవడం మెకానిక్ పద్ధతి, చరిత్రకారుని పద్ధతి కూడా. రహదారి, కాలనీలు, విడిభాగాల కొరత కలిసి తూర్పు హైదరాబాదులో మరమ్మతు వృత్తిని పెంచాయి. విడిభాగాల మార్కెట్టు, కొత్త సాంకేతికత దాని స్వరూపాన్ని మారుస్తున్నాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కుమ్మరి సారెకూ ఫ్లైవీల్‌కూ గల పోలిక ఏమిటి?
2. నాలుగు సిలిండర్ల ఇంజను రింగు పళ్ళు రెండు చోట్ల ఎక్కువగా అరగడానికి కారణం ఏమిటి?
3. క్లచ్ ప్లేటు మాత్రమే మార్చడం వల్ల వణుకు ఎందుకు తిరిగి వచ్చింది?

నమూనా పరీక్ష ప్రశ్నలు

1. తక్షణ కారణం, మూల కారణం అనే భావనలను ఈ భాగంలోని ఉదాహరణతోనూ, మీకు తెలిసిన ఒక చారిత్రక సంఘటనతోనూ వివరించండి.
2. 'బాగుచేయడం' నుంచి 'మార్చడం' వైపు జరిగిన మార్పు మరమ్మతు కార్మికుల నైపుణ్యం మీద చూపిన ప్రభావాన్ని చర్చించండి.

అభ్యాసం

మీ ఊరిలో కనీసం ఇరవై ఏళ్ళుగా పని చేస్తున్న ఒక మెకానిక్‌ను గాని, లేత్ పనివారిని గాని కలవండి. వారి అనుమతితో, పని మానిపించకుండా, ఎవరి దగ్గర పని నేర్చుకొన్నారో, ఏ పని ఇప్పుడు చేయడం లేదో అడిగి వారి మాటల్లోనే రాయండి. వారు వాడే పనిముట్లలో సొంతంగా తయారుచేసుకొన్నవాటి బొమ్మ గీసి జతపరచండి.